రూటర్ పక్కన ఒక చిన్న పెట్టె

ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు తల్లీ, టీ చల్లారిపోతోంది. నిన్న రాత్రి పన్నెండింటిదాకా వీడియోలే చూశావు కదూ? ఒకాయన ఇదే కొనమంటాడు, ఇంకొకాయన అది దండగంటాడు. చివరికి ఏమీ తేలక, కళ్లు మండుతుంటే పడుకుని ఉంటావు. ఇంతకీ మనం అడిగిందేమిటి? పెళ్లి వీడియోలూ పిల్లల ఫొటోలూ టీవీలో చూసుకోవాలి. ట్యాంకు నిండగానే మోటారు ఆగాలి. గీజరు వేసి మరిచిపోతే ఎవరో ఒకరు గుర్తుచేయాలి. అంతేగా! దానికి ఏ కంప్యూటరు కొనాలో, ఎంత పెట్టాలో, కొన్నాక అది మూలపడితే ఇంట్లోవాళ్లు ఏమంటారో అని ఇంత బెంగ.

బెంగేం వద్దు. నలుగురికి పెసరట్లు వేయడానికి మనం గాడిపొయ్యి తవ్వుకోం కదా. ఈ పనులకి అరచేతిలో పట్టేంత కంప్యూటరు చాలు. అయితే దుకాణానికి వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని, ఇంట్లో ఎవరికి ఏం కావాలో పేరుపేరునా రాయి. అత్తయ్యగారికి పాత పాటలు కావాలి, కానీ ఆవిడ రిమోట్ తప్ప ఇంకేదీ ముట్టుకోరు. మామయ్యగారికి ట్యాంకు పొంగి నీళ్లు మెట్లమీంచి కారితే ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లలకి వాళ్ల పుట్టినరోజు వీడియోలు మళ్లీ మళ్లీ చూడాలని. మరి నీకు? మనం ఎప్పుడూ మన పేరు ఆఖర్న, మిగిలిన చోట్లో ఇరికించి రాస్తాం. ఈసారి పైన రాసుకో.

ఆ కాగితంలో ఓటీటీ సినిమాలు అని రాశావా? కొట్టేయ్. అవును, నిజంగానే. డబ్బు కట్టి చూసే యాప్‌లు మంచి నాణ్యత బొమ్మని తాము ఆమోదించిన పరికరాలకే ఇస్తాయి. చిన్న కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి చూస్తే చాలాసార్లు బొమ్మ మసకగా వస్తుంది, రిమోట్ పనిచేయదు, అత్తయ్యగారికి మౌస్ పట్టించాల్సి వస్తుంది. ఆ పని నీ స్మార్ట్ టీవీయో, టీవీకి గుచ్చే స్టిక్కో ఎలాగూ చేస్తోంది, దాన్నే చేయనీ. మనం కొనే పెట్టె మన సొంత సరుకు కోసం. అంటే పెళ్లి డీవీడీలు, ఫోన్లలో నిండిపోయిన ఫొటోలు, నాన్న క్యాసెట్లలోంచి ఎక్కించిన పాటలు, వాటితోపాటు ఇంటి స్విచ్చులు. ఈ ఒక్క గీత గీస్తే సగం ఖర్చూ సగం తికమకా అక్కడే పోతాయి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది, విను. అందరూ ఈ పెట్టెని టీవీ వెనక పెట్టాలనుకుంటారు. వద్దు, రూటర్ పక్కన పెట్టు. టీవీ వెనక ఉంటే అది ఒక్క టీవీకే పనికొస్తుంది, పిల్లలు రిమోట్‌తో దాన్ని ఆపేస్తే మోటారు సంగతి చూసే దిక్కుండదు. రూటర్ పక్కన ఉంటే హాల్లో టీవీ, పడగ్గదిలో టీవీ, నీ ఫోను, అన్నీ దాన్నుంచే తీసుకుంటాయి. జెల్లీఫిన్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, 2018 డిసెంబరులో మొదలైంది. దాన్ని ఈ పెట్టెలో వేసి, టీవీ స్టిక్‌లో దాని యాప్ పెట్టుకుంటే మన వీడియోలన్నీ అట్టబొమ్మలతో సహా వరసగా కనిపిస్తాయి. అత్తయ్యగారు తన రిమోట్‌తోనే చూసుకుంటారు. ఒకే టీవీ, ఒకే గది, స్టిక్ కూడా లేదు అంటే మాత్రం పెట్టెని టీవీకే తగిలించి కోడి అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే హాయి. దాన్ని మొదట్లో ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె కోసం రాశారు, 2014లో కోడి అని పేరు మార్చారు. అది కూడా ఉచితమే.

సరే, ఏ పెట్టె? అందరి నోటా మొదట వచ్చే పేరు రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో, పిల్లలు కంప్యూటర్ని విప్పిచూసి ప్రోగ్రాములు నేర్చుకోవాలని పుట్టిన బోర్డు అది. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకి వచ్చింది. 2019లో నాలుగోది, 2023లో అయిదోది వచ్చాయి. నాకు ఆ బోర్డంటే చాలా ప్రేమ. కానీ ప్రేమ వేరు, లెక్క వేరు. బోర్డు ధర చూసి మురిసిపోకు. దానికి ఛార్జరు విడిగా, డబ్బా విడిగా, మెమరీ కార్డు విడిగా, అయిదోదైతే చల్లబరిచే ఫ్యాను విడిగా కొనాలి. మామూలు హెచ్‌డీఎంఐ తీగ పట్టదు, చిన్న మూతి ఉన్నది కావాలి. అన్నీ కలిపి రాసుకో, అప్పుడు చూడు మొత్తం. ఈమధ్య ర్యామ్ ధరలు పెరిగి బోర్డులూ ప్రియమయ్యాయి, అందుకే పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్ముకుని బయల్దేరకు.

ఛార్జరు దగ్గర నేను పడ్డ పాట్లు చెప్తాను, నీకు రాకూడదని. ఇంట్లో ఫోన్ ఛార్జరు ఉంది కదా అని అదే పెట్టాను. సినిమా నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది, స్క్రీన్ పైమూల పసుపుపచ్చ మెరుపు గుర్తు ఒకటి మినుకుమినుకుమనేది. నెట్ బాలేదేమో అనుకుని రూటర్ని ఎన్నిసార్లు ఆపి వేశానో! అది నెట్ గొడవ కాదు, కరెంటు చాలట్లేదని బోర్డు పెడుతున్న మొర. నాలుగోదానికి 5 వోల్టులు 3 ఆంపియర్లు, అయిదోదానికి 5 వోల్టులు 5 ఆంపియర్లు ఇచ్చే ఛార్జరు కావాలి. చాలా ఫోన్ ఛార్జర్లు 5 వోల్టుల దగ్గర అన్ని ఆంపియర్లు ఇవ్వవు, పైన ఎన్ని వాట్లని రాసున్నా సరే. దానికోసం చేసిన ఛార్జరే తీసుకో. ఆ నాలుగు డబ్బులు ఆదా చేయకు.

రెండో సంగతి మెమరీ కార్డు. మే నెలలో మన ఊళ్లలో కరెంటు ఎలా పోతుందో తెలుసుగా, పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే అందులో ఉన్నది చెడిపోవచ్చు. పైగా ఇంటి స్విచ్చుల లెక్కలు రాత్రింబవళ్లు రాసే కార్డు త్వరగా అరిగిపోతుంది. అందుకే రాస్ప్‌బెర్రీ పై కొన్నా సరే, కార్డు మీద నడపకుండా చిన్న ఎస్ఎస్‌డీ పెట్టు. ఇన్వర్టర్ ఉంటే రూటర్నీ దీన్నీ ఆ లైను మీదే పెట్టు. చాలా ఇన్వర్టర్లకి వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న మీట ఉంటుంది, అటు నొక్కి ఉంచితే కరెంటు మారే ఆ క్షణంలో పెట్టె ఆగకుండా ఉంటుంది.

ఇంత చెప్పాక నా సలహా ఏమిటంటే, మన కాగితంలో టీవీలు, ఫొటోలు, స్విచ్చులు మూడూ ఉంటే రాస్ప్‌బెర్రీ పై కంటే ఇంటెల్ ఎన్100 చిప్పు ఉన్న మినీ పీసీ మేలు. ఆ చిప్పు 2023లో వచ్చింది. నాలుగు కోర్లు, చిప్పు తినే కరెంటు లెక్క 6 వాట్లు. పెట్టెతోపాటే ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఛార్జరు అన్నీ వస్తాయి, విడి సామాను వెతుక్కునే పని లేదు. ఇంకో గొప్ప సుగుణం ఉంది. నీ వీడియో ఫైలు ఒక రకం, టీవీకి తెలిసింది ఇంకో రకం అయితే మధ్యలో దుబాసీ కావాలి, అక్కడికక్కడ మార్చి ఇవ్వాలి. ఎన్100లో ఆ పనికి చిప్పులోనే ప్రత్యేకమైన భాగం ఉంది. రాస్ప్‌బెర్రీ పై అయిదులో వీడియోని అలా తిరగరాసే భాగమే లేదు, పాపం అంతా ప్రాసెసర్ మీదే పడి ఆయాసపడుతుంది. ర్యామ్ 8 జీబీ ఉంటే మనకి సరిపోతుంది.

కరెంటు బిల్లు సంగతా? అది కూడా చూద్దాం. పెట్టె మొత్తం సగటున 10 వాట్లు తింటుందనుకో. రోజంతా, నెలంతా వేసి ఉంచినా 7.2 యూనిట్లు. అటక మీదున్న పాత పెద్ద కంప్యూటర్ని దించి వాడదామని మీవారు అంటారు చూడు, అది 60 వాట్లు తింటే నెలకి 43 యూనిట్లు, ఏడాదికి అయిదొందల పైచిలుకు. ఊరికే వచ్చినదాని ఖరీదు మీటరు దగ్గర కడతాం. మూలనున్న పాత ల్యాప్‌టాప్ అయితే సరే, వాడుకోవచ్చు. బ్యాటరీ బాగుంటే అదే దాని ఇన్వర్టర్ కూడా. ఒక్కటి మాత్రం చూడు. బ్యాటరీ ఉబ్బి కింది అట్ట లేచినట్టు కనిపిస్తే దాన్ని రోజంతా కరెంటుకి తగిలించి ఉంచకూడదు. నిప్పుతో చెలగాటం అది.

కొత్తది కొనే వీలు లేదా? దిగులెందుకు, ఆఫీసుల నుంచి వచ్చిన పాత చిన్న పీసీలు ఉన్నాయి కదా. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, ఇలాంటివి. లావుపాటి నిఘంటువంత ఉంటాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే పనిచేస్తుందని వాళ్ల నిబంధన. అంతకంటే పాతవాటిని ఆఫీసులు వదిలించుకుంటున్నాయి. మనం వేసేది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కాబట్టి ఆ నిబంధనతో మనకి పని లేదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే చూడొచ్చు. అడిగేటప్పుడు ఏడో తరమా, ఆపైదా అని అడుగు. ప్రాసెసర్ నంబరు 7తోనో 8తోనో మొదలవ్వాలి. ఆరో తరానికి కొత్తరకం 10 బిట్ 4కె వీడియోలు చిప్పులో ఆడవు, ముక్కలుముక్కలుగా వస్తాయి. నంబరు చివర 'టి' ఉంటే కరెంటు తక్కువ తినే రకం. అక్కడే ఆన్ చేయించు, ఫ్యాను చప్పుడు చెవి పెట్టి విను, ఛార్జరు అసలుదేనా చూడు, హెచ్‌డీఎంఐ మూతి ఉందో లేదో చూడు. మొహమాటపడకు. చీర మడతలు విప్పి చూడకుండా కొంటామా ఎక్కడైనా!

ఒక్కటి మాత్రం ఎంత చవకైనా కొనొద్దు. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ టీవీ పెట్టెలు, ఛానెళ్లన్నీ జీవితాంతం ఉచితం అని అమ్ముతారు. అలాంటివాటిలో కొన్ని లోపల దొంగ ప్రోగ్రాములతోనే వస్తున్నాయని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది. మన ఇంటి నెట్‌లోకి, మన బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోన్ల మధ్యకి దాన్నెందుకు తెచ్చి కూర్చోబెట్టడం?

మినీ పీసీ ఇంటికి రాగానే మొట్టమొదట చేయాల్సిన పని చెప్తా, ఎవరూ చెప్పరు ఇది. ఆన్ అవుతున్నప్పుడు డిలీట్‌ మీటో, ఎఫ్‌2నో నొక్కితే బయోస్ సెట్టింగులు తెరుచుకుంటాయి. అందులో కరెంటు వచ్చాక ఏం చేయాలి అని అడిగేచోట ఆన్ అవ్వాలి అని పెట్టు. ఇది పెట్టకపోతే ఒకసారి కరెంటు పోయి వచ్చాక పెట్టె అలా పడుకునే ఉంటుంది, నువ్వు ఆఫీసులో ఉండి ఇంట్లో ఏదీ పనిచేయట్లేదని కంగారుపడతావు. ఆ తర్వాత ప్రాక్స్‌మాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయించు. పోపుల డబ్బాలో ఆవాలకీ జీలకర్రకీ విడివిడి గిన్నెలున్నట్టు, ఒకే పెట్టెలో టీవీ పనికి ఒక అర, ఇంటి పనికి ఒక అర చేసిపెడుతుంది. ఒకటి పాడైతే రెండోది పాడవదు. చేత కాదేమోనని భయపడకు, ఇంజనీరింగ్ చదివే మేనల్లుడెవరో ఒకడుంటాడుగా, ఒక పూట భోజనానికి పిలువు. పక్కన కూర్చుని ఏం చేస్తున్నాడో నోటుబుక్కులో రాసుకో, పాస్‌వర్డ్‌లతో సహా. వాడు ఉద్యోగానికి ఊరెళ్లిపోయాక ఆ నోటుబుక్కే నీకు ఆధారం.

ఇక ఇంటి స్విచ్చులు. ఇక్కడ కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం. హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2013 నుంచి ఉంది. దానికి 2 జీబీ ర్యామ్ ఉంటే చాలు. నాకు నచ్చేదేమిటంటే అది మన ఇంట్లోనే ఉండి పనిచేస్తుంది. మనం ఎప్పుడు నిద్ర లేస్తున్నామో, ఇంట్లో ఎవరూ లేనిదెప్పుడో ఏ దేశంలోనో ఉన్న సర్వర్‌కి చెప్పక్కర్లేదు. నెట్ పోయినా లోపలి పనులు ఆగవు, కాకపోతే కొనేటప్పుడు ప్లగ్గులూ సెన్సర్లూ ఇంట్లోంచే నడిచేవో కాదో అడగాలి. తలుపు సెన్సర్ల లాంటివి జిగ్‌బీ అనే వైర్‌లెస్ రకం తీసుకుంటే గుండ్రటి చిన్న బ్యాటరీతో నెలల తరబడి నడుస్తాయి. దానికి పెట్టెకో యూఎస్‌బీ పుల్ల గుచ్చాలి. దాన్ని నేరుగా నీలం రంగు యూఎస్‌బీ మూతిలో పెట్టావో, పడగ్గది సెన్సరు కనబడదు, వంటింటిది మాట వినదు. వేగంగా పనిచేసే ఆ మూతుల నుంచి వచ్చే రొద జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని చెదరగొడుతుంది. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ తీగ వేసి పుల్లని పెట్టెకి దూరంగా వేలాడదీయి. వంద, నూటయాభై రూపాయల తీగతో తీరే బాధకి సెన్సర్లన్నీ మార్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు గీజరు సంగతి. అది సాధారణంగా 2000 వాట్లు. మన 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు. బల్బులకి వాడే 10 ఆంపియర్ల ప్లగ్గు దీనికి పెట్టకూడదు, 16 ఆంపియర్లదే పెట్టాలి. మోటారు ఇంకా మొండిది. తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న రిలే నేరుగా తగిలిస్తే లోపలి మొనలు కాలి అతుక్కుపోతాయి, ఇక మోటారు ఆపమన్నా ఆగదు. చిన్న రిలేతో స్టార్టర్ డబ్బాలోని కాంటాక్టర్‌ని మాత్రమే నడిపించాలి, మోటారు బరువు కాంటాక్టర్ మోస్తుంది. ఇది ఎలక్ట్రీషియన్ పని. నువ్వు స్క్రూడ్రైవర్ పట్టుకున్నావని తెలిస్తే ఊరుకోను. ట్యాంకులో సెన్సరు ఉన్నా సరే, అరగంట దాటితే మోటారు ఆగిపోవాలని రెండో కట్టడి కూడా పెట్టు. సెన్సరుకి నాచు పట్టి పనిచేయకపోయినా అది కాపాడుతుంది.

ఇంకొకటి, నువ్వు కాదనకూడదు. ఏ స్విచ్చి అయినా చేత్తో నొక్కితే పనిచేయాలి. ఊళ్లో అమ్మావాళ్లింట్లో పెడితే మరీ ముఖ్యం. నువ్వు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటే, అమ్మ ఒక్కతే ఉన్న ఇంటికి ఏదో ఒకటి చేయాలని నీ మనసు కొట్టుకుంటుంది, నాకు తెలుసు. టెయిల్‌స్కేల్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే అక్కడినుంచే భద్రంగా ఆ పెట్టెని చూసుకోవచ్చు, రూటర్లో తలుపులు తెరిచి పెట్టక్కర్లేదు. కానీ అర్ధరాత్రి అమ్మ లేచి, చీకట్లో గోడ తడుముకుని, యాభై ఏళ్ల అలవాటు మీద స్విచ్చి నొక్కుతుంది. లైటు వెలగాలి. ఆ క్షణాన ఫోను ఎక్కడుందో, నెట్ ఉందో లేదో ఆవిడకి అక్కర్లేదు. అమ్మ కోసమైతే రాస్ప్‌బెర్రీ పై నాలుగోది ఒకటి, ఒక ఎస్ఎస్‌డీ చాలు. పెట్టేది మోటారుకి ఒకటి, గీజరుకి ఒకటి. ఆర్నెల్లు అవి మాట వింటే అప్పుడు మూడోది చూద్దాం.

నీ ఇంట్లో కూడా అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. మొదటి నెల వీడియోలూ ఫొటోలూ మాత్రమే. ఇంట్లోవాళ్లకి ఆ పెట్టె మీద గురి కుదరాలి. తర్వాత గీజరు, చివర్న మోటారు. ఎస్ఎస్‌డీ ఎంత ఉండాలని అడిగావు కదా, డీవీడీ ఒక్కోటి నిండా 4.7 జీబీ. పెళ్లివి పది ఉన్నా 47 జీబీ. 256 జీబీతో మొదలుపెట్టొచ్చు, ఫొటోలు ఎక్కువైతే 512. అయితే పెట్టెలో ఉన్నది ఒక్క కాపీయే. బయటి డిస్క్‌లో ఇంకోటి ఎక్కించి అది వేరే ఇంట్లో, చెల్లి దగ్గరో అత్తయ్య దగ్గరో ఉంచు. నగలు లాకర్లో పెట్టినంత జాగ్రత్తగా.

నిజానికి పెట్టె కొనడానికి ముందే ఒక పని ఉంది. అటక మీద ఆ డీవీడీలు ఎన్నాళ్లనుంచి ఉన్నాయి? వేసవి వేడికి, వానాకాలం చెమ్మకి అవి మెల్లగా చెడిపోతాయి. కొన్ని ఇప్పటికే తెరుచుకోకపోవచ్చు. ఈ ఆదివారం దించి, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడిచి, డీవీడీ డ్రైవున్న ఏ కంప్యూటర్లోనైనా ఒక్కొక్కటే కాపీ చేయి. మధ్యలో ఒకటి వేసి చూస్తావు, నాకు తెలుసు. అందులో నాన్న పందిట్లో అటూ ఇటూ తిరుగుతూ, ఎవరినో కేకేస్తూ ఉంటారు, నల్లటి జుట్టుతో. చూడు, కాసేపు కూర్చుని చూడు. అటక ఎక్కేటప్పుడు మాత్రం స్టూలు ఎవరినైనా పట్టుకోమను.